తర్వాతివాళ్లు విప్పగలిగేలా

పాత ఫర్నిచర్ బాగుచేసి ఇంట్లో వాడుకునేవాళ్లు, ముస్తాబు చేసి అమ్మేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నాకది సంతోషమే, నేను చేసేదీ అదే పని. కానీ ఈ పేరుతో జరుగుతున్న చాలా పనులు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గట్టి చెక్కతో చేసిన మంచి కుర్చీ. దాని మీద మందంగా రంగు. సీటులో పాతదంతా పీకేసి ఒక ప్లైవుడ్ ముక్క, దాని మీద జిగురుతో అంటించిన ఫోమ్, ఆ ఫోమ్‌కే అంటించిన గుడ్డ. ఫోటోలో కళకళలాడుతుంది. కొన్నేళ్లకు ఫోమ్ కుంగిపోతుంది. మారుద్దామని గుడ్డ లాగితే ఫోమ్ ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. కాళ్లు వదులైతే, అతుకుల్లో పోసిన ఎపాక్సీ జిగురు వాటిని విడదీయనివ్వదు. అప్పుడు ఆ కుర్చీ నిజంగానే చెత్తలోకి పోతుంది. తరాలు తరాలు నిలిచిన వస్తువు, బాగుచేశామని మనం అనుకున్న తర్వాత పోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత కుర్చీ మన దాకా వచ్చిందంటే, దాన్ని చేసినవాళ్లు విప్పడానికి వీలుగా చేయబట్టే వచ్చింది. మనం దాని మీద చేసే ప్రతి పనినీ ఎప్పుడో ఒకరోజు ఇంకొకరు విప్పగలగాలి. అలా వీలుకాని పని ఎంత అందంగా ఉన్నా దాన్ని బాగుచేయడం అనడానికి నాకు మనసొప్పదు. ఏ రంగు, ఏ గుడ్డ అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను.

స్ప్రింగులున్న పాత సీటును ఒకసారి విప్పి చూస్తే నేనెందుకింత పట్టుబడుతున్నానో తెలుస్తుంది. ముందు కుర్చీని తలకిందులు చేయాలి. అడుగున దుమ్ము పడకుండా కొట్టిన నల్లగుడ్డ మొదట ఊడదీయాలి. దాని కింద నవారు పట్టీలు, ఒకదాని కిందుగా ఒకటి అల్లి, బిగలాగి, చట్రానికి చిన్న మేకులతో కొట్టి ఉంటాయి. ఆ నవారు మీద స్ప్రింగులను దారంతో కుట్టి నిలబెడతారు. పైన ఒక్కో స్ప్రింగును గట్టి పురికొసతో పక్క స్ప్రింగులకూ, చట్రానికీ కడతారు. మంచి పనివాళ్లు ఎనిమిది దిక్కులా కట్టేవారు. అందుకే కూర్చున్నప్పుడు స్ప్రింగు పక్కకు ఒరగకుండా నిటారుగా దిగి, నిటారుగా లేస్తుంది. దాని మీద గోనెపట్ట, ఆపైన కొబ్బరి పీచో గుర్రపు వెంట్రుకలో దట్టించిన పొర, అంచులు గుండ్రంగా నిలబడేలా వేసిన కుట్లు, మళ్లీ ఒక పల్చటి పొర, దూది, చివరగా పైగుడ్డ. ఇన్ని పొరలున్నా జిగురన్న మాట లేదు. అంతా మేకు, దారం, ముడి.

ఈ మేకులు తీయడం ఓపికతో కూడిన పని. మొండి అంచున్న ఉలిని మేకు తలకాయ కింద ఆనించి, కొయ్య సుత్తితో చిన్నగా తడుతూ పోవాలి. దెబ్బ ఎప్పుడూ చెక్క నారవాటానికే పడాలి. అడ్డంగా కొడితే మేకుతోపాటు చెక్క పెచ్చు కూడా లేచివస్తుంది. మూలల దగ్గర బయటికి కాకుండా లోపలి వైపు కొట్టాలి. పైగుడ్డను చించి పారేయకూడదు. ఏ ముక్క ఎక్కడిదో, పైవైపు ఏదో, పోగుల వాటం ఎటో సుద్దముక్కతో రాసి దాచుకుంటే కొత్త గుడ్డ కత్తిరించడానికి అవే కొలతలవుతాయి. కుట్లు దూసిన ఆ పాత ముక్కలు నేర్పినంత వివరంగా నాకు ఏ వీడియో నేర్పలేదు.

ఒక కుర్చీలో పైన రెక్సిన్ ఉంది. అది తీస్తే కింద పూల గుడ్డ. అదీ తీస్తే ఆకుపచ్చ వెల్వెట్. చేతులు ఆనేచోట నూగు అరిగిపోయి అడుగుపోగు కనిపిస్తోంది, మేకుల కింద దాగిన అంచు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. చట్రం పట్టెల మీద మూడు రకాల మేకు బెజ్జాలు. అంటే కనీసం మూడు తరాల పనివాళ్లు ఆ కుర్చీని తెరిచి, మూసి, ముందుకు పంపారు. బెజ్జాలతో తూట్లుపడిన పట్టెలో కొత్త మేకు పట్టు దొరకదనుకోనక్కర్లేదు. సన్నటి రంపపు పొట్టును జిగురుతో కలిపి ఆ బెజ్జాల్లో నింపి ఆరనిస్తే పట్టె మళ్లీ మేకును పట్టుకుంటుంది. అదే పట్టె మీద ఎవరైనా ప్లైవుడ్‌ను జిగురుపెట్టి అంటించి ఉంటే నాకు ఆ వెల్వెట్టూ కనిపించేది కాదు, పనీ సాగేది కాదు.

స్టేపుల్ గన్ వాడకూడదని నేను అనడం లేదు, నేనూ వాడతాను. పల్చటి చట్రాలకు మేకు దెబ్బల కంటే స్టేపుల్ పిన్ను హాయి. అవసరానికి మించి దట్టంగా, వరస మీద వరస కొట్టడమే వద్దంటాను. తర్వాత తీసేవాళ్ల వేళ్లకు అది నరకం.

ఇక చెక్క సంగతి. పాతకాలపు కుర్చీలు, బల్లల్లో ఒక చెక్క కొసను సన్నగా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దించి, పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురుతో అతికేవారు. ఆ జిగురుకు ఒక గొప్ప గుణముంది. వేడి, తేమ తగిలితే మెత్తబడుతుంది. కొంచెం ఆవిరి పట్టి, మెల్లగా కదిపితే అతుకు చెక్కుచెదరకుండా విడిపోతుంది. మళ్లీ అదే జిగురు వేస్తే పాత జిగురుతో కలిసిపోయి పట్టేస్తుంది. వాయిద్యాలు బాగుచేసేవాళ్లు వయొలిన్లకు ఇప్పటికీ ఈ జిగురునే వాడేది అందుకే. ఎపాక్సీ అలా కాదు. చెక్క పొరల్లోకి దిగి గట్టిపడితే ఇక అంతే. అతుకు విడదీయాలంటే చెక్కనే కోయాలి.

అతుకు వదులైతే స్క్రూ బిగించేవాళ్లను చూసినప్పుడు మరీ బాధేస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్చీ వెనక కాలు పైకి దివ్యంగా ఉంది. పుట్టీ గీకితే లోపల పొడుగాటి స్క్రూ బయటపడింది. చెక్క రుతువుల వెంట ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ఇనుముకు అలాంటి కదలిక లేదు. ఏళ్ల తరబడి ఆ పెనుగులాటలో స్క్రూ చుట్టూ కాలు నిలువునా చీలింది. మొదట్లో జిగురు వేసి ఒక రాత్రి బిగించి ఉంచితే సరిపోయే పనికి చివరికి కాలు ముక్క కొత్తది అతకాల్సి వచ్చింది. కుర్చీ ఊగుతుంటే ముందు అతుకు విప్పాలి, పాత జిగురు గీకాలి, మళ్లీ అతకాలి. దీనికి దగ్గరదారి లేదు.

పాలిష్ దగ్గర కూడా ఇదే తేడా కనిపిస్తుంది. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్ది వేసే పాలిష్ మీద ఎన్నేళ్ల తర్వాతైనా స్పిరిట్ తగిలితే అది మళ్లీ కరుగుతుంది. అందుకే కొత్త పూత పాత పూతలో కలిసిపోతుంది. గీత పడినచోట మాత్రమే సరిచేసుకోవచ్చు, బల్లంతా గీకే పని లేదు. పాలియూరిథేన్ వార్నిష్ నీళ్లకు, వేడికి బాగా తట్టుకుంటుంది, నిజమే. రోజూ తడి తగిలే బల్లకు నేనూ దాన్నే సూచిస్తాను. కానీ అది ఒకసారి ఆరిందంటే ప్లాస్టిక్ పొర. ఒకచోట లేస్తే మొత్తం గీకాల్సిందే. చేతికొచ్చిన వస్తువు మీద ఉన్నది ఏ పాలిష్ అన్న అనుమానముంటే, ఎవరికీ కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్ది చూడాలి. జిగటగా కరిగి దూదికి అంటితే లక్క. అప్పుడు ఉప్పుకాగితం జోలికే పోవద్దు. చాలాసార్లు మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచి, మైనం పట్టిస్తే సరిపోతుంది.

వెనీర్, అంటే మామూలు చెక్క మీద అంటించిన మంచి చెక్క పల్చటి పొర, ఉన్నచోట ఇంకా జాగ్రత్త కావాలి. రంపంతో కోసిన పాతకాలపు వెనీర్ కొంచెం మందంగానే ఉండేది. ఈ కాలం వెనీర్ మందం దాదాపు అర మిల్లీమీటరు. మెషీన్ పెట్టి గీకితే రెండు నిమిషాల్లో అడుగు చెక్క తేలుతుంది. పోయిన వెనీర్ తిరిగి రాదు. అంతులేని ఆత్రంతో అంచులు గీకేసి, అవి తెల్లబడ్డాక, ఆ తప్పు కప్పడానికి రంగు వేసిన బల్లలు ఎన్నో కనిపిస్తుంటాయి.

రంగు వేయడమే పాపమని నేను అనను. ముందే రంగున్నవి, నాలుగైదు రకాల చెక్కలు కలిపి చేసినవి, మరకలు లోతుగా ఇంకిపోయినవి రంగుతో బాగుపడతాయి. అడుగున లక్క పూత వేసి ఆపైన రంగు వేస్తే, రేపెవరైనా రంగు తీసేటప్పుడు అది చెక్క నారల్లో ఇరుక్కోకుండా సులువుగా వస్తుంది. ఈ చిన్న పనికి అరపూట కూడా పట్టదు. పాత రంగు గీకేటప్పుడు మాత్రం సీసం సంగతి మరవకూడదు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. కొన్ని చోట్ల ఆ తర్వాత కూడా చాలాకాలం వాడారు. పాత రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది, పిల్లల మెదడుకు అది విషం. టెస్ట్ కిట్‌తో చూసుకోండి, అనుమానముంటే తడిపి గీకండి, లేదా గీకకుండా వదిలేయండి. మరో మాట. అవిసె నూనె పట్టించాక ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయొద్దు. ఆరేకొద్దీ వాటిలో వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

ఫోమ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, అమ్మేవాళ్లు ఎక్కువగా దాచేది దీన్నే. ఈ ఫోమ్ తయారయ్యే పాలియూరిథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. 1950ల తర్వాత అది సోఫాల్లోకి వచ్చి పీచును, వెంట్రుకలను, స్ప్రింగులను పక్కకు నెట్టింది. తేలిక, చవక, కోయడం సులువు. కాకపోతే గాలికి, తేమకు, వెలుతురుకు అది లోపలినుంచి చివుకుతుంది. పాత కుషన్ జిప్పు తీస్తే పసుపు పొడి రాలేది అందుకే. గుర్రపు వెంట్రుకలనైతే ఉతికి, ఆరబెట్టి, చిక్కుతీసి మళ్లీ నింపవచ్చు.

ఫోమ్ కొనేటప్పుడు చాలామంది చేత్తో నొక్కి, గట్టిగా ఉంటే మంచిదనుకుంటారు. గట్టిదనం వేరు, సాంద్రత వేరు. గట్టిదనం కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో చెబుతుంది. ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేది సాంద్రత. ఘనపు మీటరుకు 20 కిలోల లోపు ఫోమ్‌ను రసాయనాలతో గట్టిగా చేయవచ్చు, కొత్తలో బ్రహ్మాండంగా ఉంటుంది, త్వరలోనే గుంట పడుతుంది. రోజూ కూర్చునే సీటుకు 30 నుంచి 40 కిలోల మధ్యది కావాలి. వీపు ఆనేచోట తక్కువదైనా ఫరవాలేదు. ఏది వేసినా దాన్ని చట్రానికి అంటించొద్దు. జిప్పున్న కవరులో పెట్టినా చాలు, విడి సీటుగా చేసి అడుగున నాలుగు స్క్రూలతో బిగించినా చాలు. ఫోమ్ మనకంటే ముందే పోతుందని తెలిసినప్పుడు దాన్ని మార్చుకునే దారి ఉంచడం మన బాధ్యత.

పాత ఫోమ్‌ను మళ్లీ వాడటం నాకు సమ్మతం కాదు. కాలిఫోర్నియా 1975లో ఫోమ్ నేరుగా మంటకు తట్టుకోవాలన్న ప్రమాణం పెట్టింది. దాన్ని అందుకోవడానికి తయారీదారులు ఫోమ్‌లో మంటను అడ్డే రసాయనాలు దట్టించారు. అవి దుమ్ములోకి, ఆ దుమ్ములోంచి మనుషుల ఒంట్లోకి చేరుతున్నాయని తేలింది. వాటిలో ఒక ముఖ్యమైన రకం తయారీ అమెరికాలో 2004తో ఆగింది. 2013లో ఆ ప్రమాణాన్నే మార్చారు, ఇప్పుడా రసాయనాలు లేకుండానే పరీక్ష నెగ్గవచ్చు. బ్రిటన్‌లో పాత సోఫా అమ్మాలన్నా 1988లో తెచ్చిన నిప్పు నిబంధనలకు లోబడాలి, 1950కి ముందు చేసినవాటికి మినహాయింపు ఉంది. ఇవన్నీ తెలియకపోయినా ఫరవాలేదు కానీ, అమ్మకానికి పెట్టేవాళ్లు తమ చోట నియమం ఏమిటో కనుక్కోకుండా అమ్మడం తప్పు. పొడిపొడి అవుతున్న ఫోమ్‌ను ఆరుబయట, మాస్కు పెట్టుకుని, సంచిలో కట్టేసి తీసేయాలి.

అమ్మకం దగ్గర నా పట్టుదల ఇంకొంచెం ఎక్కువ. కొనేవాళ్లకు పైగుడ్డ కనిపిస్తుంది, లోపలిది కనిపించదు. ఏ సాంద్రత ఫోమ్ వేశామో, నవారు మార్చామో లేదో, ఏ అతుకు విప్పి అతికామో, కింద ఏ చెక్క ఉందో చెప్పి అమ్మాలి. మామూలు చెక్కకు ముదురు రంగు పట్టించి ఖరీదైన చెక్క పేరు పెట్టడం మోసం. కొత్త బల్లను గొలుసులతో కొట్టి పాతదని అమ్మడం కూడా అంతే. నిజంగా పాతదీ, అరుదైనదీ చేతికొస్తే గీకకుండా తెలిసినవాళ్లకు చూపించాలి. ఏళ్ల తరబడి చేతులు తగిలి వచ్చిన ఆ మెరుపును గీకేస్తే చాలా వస్తువులకు విలువ పడిపోతుంది.

ఇంత పాటు పడే బదులు కొత్త సోఫా కొనుక్కోవడమే చవక కదా అంటారు. చాలాసార్లు అది నిజం. ఈ పనిలో సామాను కంటే చేతికూలి ఎక్కువ. కొత్తది అంత చవగ్గా ఎలా వస్తోందన్నదే అసలు ప్రశ్న. పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు, స్టేపుల్ పిన్నులు, పల్చటి ఫోమ్, ఎక్కడపడితే అక్కడ జిగురు. విరిగితే విప్పడానికి లేదు. కలగాపులగంగా అంటుకున్న చెక్క, ఇనుము, ఫోమ్, గుడ్డను విడదీసి రీసైకిల్ చేయడానికీ లేదు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్కల్లో చెత్తలోకి చేరిన ఫర్నిచర్, గృహాలంకరణ సామాను 1960లో సుమారు 22 లక్షల టన్నులు. 2018లో అది 1 కోటి 20 లక్షలు దాటింది. అందులో నూటికి 80 వంతులు పూడ్చిపెట్టారు, రీసైకిల్ అయింది ఒక వంతు కూడా లేదు. ఆ ఖర్చు సోఫా మీది ధరలో ఉండదు, ఊరంతా కలిసి మోస్తుంది.

ఫ్యాక్టరీలో చేసినదంతా ఇంతేనని కూడా నేను ఒప్పుకోను. ఫర్నిచర్ తయారీదారు మైకేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ చూడండి. ఆవిరిలో వంచిన బీచ్ అనే చెట్టు చెక్క ముక్కలు 6, స్క్రూలు 10, నట్లు 2. ఘనపు మీటరు పెట్టెలో విడిభాగాలుగా 36 కుర్చీలు పట్టేవి. కోట్లలో అమ్ముడైన చవక కుర్చీ అది. స్క్రూడ్రైవర్ ఉంటే ఎవరైనా విప్పుతారు, పేము అల్లిక సీటు తెగితే మళ్లీ అల్లిస్తారు. అంటే చవకకూ, విప్పే వీలుకూ వైరమేమీ లేదు. ఇవాళ్టి తయారీదారులు ఆ దారి వదిలేశారు, అంతే.

దొరికిన ప్రతిదాన్నీ ఇంటికి తెచ్చుకోమని నేను చెప్పను. తడికి ఉబ్బిన పార్టికల్ బోర్డుకు మందు లేదు. సన్నటి బెజ్జాల్లోంచి తాజాగా పొడి రాలుతుంటే లోపల పుచ్చు పురుగు ఇంకా తింటోందని అర్థం. కుట్ల సందుల్లో నల్లటి చుక్కలుంటే నల్లులు. వాటి సంగతి తేల్చకుండా గడప దాటించకూడదు. తీసుకునే ముందు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని మూలమూలకూ మెలిపెట్టి చూడండి. బరువు చూడండి. తలకిందులు చేసి అతుకులు చూడండి. గుడ్డ ఎంత చిరిగినా పట్టించుకోవద్దు, అది ఎలాగూ మారుతుంది.

యూరోపియన్ యూనియన్ 2024లో వస్తువుల మన్నిక, మరమ్మతులకు సంబంధించి కొత్త చట్టం తెచ్చింది. దాని కింద ముందుగా నిబంధనలు రాయాల్సిన వస్తువుల జాబితాలో ఫర్నిచర్‌నూ, పరుపులనూ 2025 ఏప్రిల్‌లో చేర్చింది. ఆ నిబంధనలు ఎలా వస్తాయో గానీ, నా వంతుగా అడిగేవి మూడే. సీటు చట్రానికి జిగురుతో కాకుండా స్క్రూలతో బిగించాలి. కుషన్ కవరుకు జిప్పు ఉండాలి. అడుగున కొట్టే నల్లగుడ్డ మీద ఫోమ్ సాంద్రత, లోపలి చెక్క ఏదన్నది అచ్చువేయాలి. బాగుచేసి అమ్మే మనం ఇందుకోసం ఏ చట్టం కోసమూ ఆగనక్కర్లేదు. నేను పంపే ప్రతి కుర్చీ అడుగునా ఈ వివరాలూ, మేకులు ఎటువైపునుంచి తీయడం మొదలుపెట్టాలో ఒక ముక్కా రాసి పంపుతున్నాను.